మూడు చారల ఈగ

ఈగల సారు పోయాడని మా పాత మేకప్ మనిషి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఇడ్లీ తింటున్నాను. తినడం ఆపలేదు. రెండో ఇడ్లీ కూడా తిని, చెయ్యి కడుక్కుని కాఫీ తాగుతుంటే "ఎవరండీ పోయింది?" అని మా ఆవిడ అడిగింది. "ఎవరో తెలిసినాయన" అన్నాను. ముప్పై ఏళ్ళు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసినవాడికి అబద్ధం చేతికి అలవాటైన పని. ఆ పూట చెప్పింది మాత్రం అబద్ధం కాదు, తెలిసినాయనే. ఆ ముప్పై ఏళ్ళలో నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పనివాడు ఆయన ఒక్కడే. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో నేను చేసిన పని చాలు.

యూనిట్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు కూడా. అందరికీ ఈగల సారే. సన్నటి మనిషి, పొట్టిచేతుల తెల్ల చొక్కా, జేబు నిండా హోమియోపతి సీసాలు. వాటిలో మందుండదు, ఈగలుంటాయి. మెడలో నల్లతాడుకి కట్టిన చిన్న భూతద్దం. ఎవరితో మాట్లాడినా ముందు మొహం చూడడు, భుజం చూస్తాడు, దాని మీద ఏం వాలిందోనని. మా హీరోగారు ఒకసారి నొచ్చుకున్నాడు. "ఏంటండీ ఆయన, నన్నొదిలేసి నా చొక్కాతో మాట్లాడుతున్నాడు" అని. ఏదో కాలేజీలో జంతుశాస్త్రం చదివి, కొన్నాళ్ళు అక్కడే ప్రయోగశాలలో పనిచేసి, తర్వాత దోమల డిపార్ట్‌మెంటులో టెంపరరీగా చేరాడు. నేను కలిసేనాటికి పదహారేళ్ళుగా టెంపరరీయే. ఆయన చరిత్ర నాకు ఇంతకంటే తెలియదు. అడగాలని ఎప్పుడూ అనిపించలేదు.

మొదటిసారి చూసింది జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో. సినిమాలు ఇంకా రీళ్ళ మీదే తీస్తున్న రోజులు. హీరోయిన్ ఏడవాలి, క్లోజప్. ఆవిడ కన్నీళ్ళు కారే సమయానికి సరిగ్గా ముక్కు మీద ఈగ వాలుతోంది. తొమ్మిది టేకులయ్యాయి. డైరెక్టరు ఈగని ఏమీ అనలేక నన్ను తిట్టాడు. నేను దోమల డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేసి, మందు కొట్టే మిషనుతో మనిషిని పంపమన్నాను. ఈయన వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, ఎండలో గుట్ట ఎక్కి, ఒట్టి చేతులతో వచ్చాడు. హీరోయిన్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, గాజు గొట్టం బోర్లించి ఒక ఈగని పట్టాడు.

"మందు కొట్టండి సార్, టైమవుతోంది" అన్నాను.

"ఎవరో తెల్వకుండ ఎట్ల కొడ్తం సాబ్?" అన్నాడు.

భూతద్దంలోంచి చూసి, "ఆడది" అన్నాడు. హీరోయిన్ తల్లి ఉలిక్కిపడింది. "కండ్లు చూడున్రి అమ్మా. రెండిటి నడుమ జాగ ఎడంగ ఉన్నది. మగదానికి దగ్గర దగ్గర ఉంటయి. వీపు మీద నాలుగు నల్ల చారలు, మామూలు ఇంటీగ. గుడ్లు పెట్టనీకి తిరుగుతున్నది. గీ బంగ్లల గుర్రం గిట్ల కట్టేసిన్రా?" కట్టేశాం. పాట కోసం తెచ్చిన గుర్రం వారం రోజులుగా వంటింటి వెనక ఉంది, లద్దె అక్కడే కుప్ప పోశారు. ఆ కుప్ప ఎత్తించి నేల కడిగించాడు. రెండోరోజుకి ఈగలు సగం పోయాయి, మూడోరోజుకి హీరోయిన్ తృప్తిగా ఏడ్చింది. మందు చుక్క కూడా ఖర్చు కాలేదు. డైరెక్టరు ఆయన భుజం తట్టాడు. ఆయన ఆ చేతి మీద ఏదైనా వాలిందేమో చూశాడు.

అప్పటి నుంచి ఏ షూటింగులో ఈగ కనిపించినా ఆయన్నే పిలిచేవాళ్ళం. వచ్చినప్పుడల్లా ఒకటే వరస. టీ ఇస్తే తాగేవాడు. కప్పు అంచు మీద ఈగ వాలితే తోలేవాడు కాదు. "ఆగున్రి సాబ్, కాళ్ళు రుద్దుకుంటున్నది. దానికి రుచి తెలిసేది కాళ్ళతోని. తినేముందు కడుక్కుంటది. మనోళ్ళు ఎందరు కడుక్కుంటున్నరు?" అనేవాడు. అది ఎగిరిపోయాక ఆ టీ పారబోసి, ఇంకొకటి అడిగేవాడు. భోజనం మాత్రం మా దగ్గర ఎప్పుడూ చెయ్యలేదు. ఇంటి నుంచి గుడ్డలో మూటకట్టిన డబ్బా తెచ్చుకుని, ఒక మూల కూర్చుని తినేవాడు. మా వంట మీద నమ్మకం లేదా అని అడిగితే నవ్వి, "నేను వెనక దర్వాజ నుంచి వస్త సాబ్. ముందట నుంచి వచ్చేటోళ్ళు తింటరు" అన్నాడు.

సమయం, సందర్భం చూసుకుని నిజం చెప్పడం ఆయనకి చేతకాదు. మా నిర్మాత ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, మెడలో మాలలు, ఆఫీసులో అగరొత్తులు. అటెండరుని కూడా "స్వామీ" అని పిలిచేవాడు. ఆఫీసులో చిన్న చిన్న ఈగలు ముసురుతున్నాయని నేనే ఈగల సారుని తీసుకెళ్ళాను. ఆవగింజంత ఈగ. దాన్ని సీసాలో పట్టి వెలుగులో పెట్టి చూశాడు. "కండ్లు ఎర్రగున్నయి. ఇవి పులిసినదానికే వస్తయి సాబ్. మురిగిన పండన్న ఉండాలె, తాగి పెట్టిన సీసలన్న ఉండాలె" అంటూ గదిలో ఒక్కో మూలా చూసుకుంటూ పోయి, పూజ పటాల కింద ఉన్న బీరువా ముందు ఆగి, "గిండ్లకెళ్ళే వస్తున్నయి. తెరువున్రి" అన్నాడు. గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. బీరువా ఎవరూ తెరవలేదు. తెరవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆయన బయటికెళ్ళాక నిర్మాత "వాణ్ణి ఇంకోసారి గుమ్మం ఎక్కనిచ్చావంటే నిన్ను దించేస్తాను" అన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని కడుపుబ్బా నవ్వాను. ఆ నిజం నా జోలికి రాలేదు కాబట్టి నవ్వగలిగాను.

ఆయన ఉండేది మధురానగర్ వెనక ఒక సందులో, ఒక్క గది కిరాయి ఇంట్లో, కూతురితో. భార్య లేదు. సందు నిండా మా సినిమా వాళ్ళే. ఇస్త్రీ చేసేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు. పెళ్ళి సీన్లలో హీరోయిన్ వెనక రెండో వరసలో అక్షింతలు వేస్తూ కనిపించే ఒక మనిషి పక్కింట్లోనే ఉండేది. ఎన్ని సినిమాల్లో ఎంతమందికి మేనత్త అయిందో ఆవిడకే తెలియదు. భర్త సెట్టింగుల వడ్రంగి. ఒకసారి ఈగల సారుని పిలుచుకు రావడానికి నేనే వెళితే ఆవిడ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ, "అన్నా, గిది నా మీద వాలింది, మగదో ఆడదో జర చూడరాదు! మగదైతే మా ఆయనకు చెప్పాలె" అని అరుస్తోంది. ఆయన నిజంగానే లేచి వెళ్ళి చూసి, "ఆడదే చెల్లె, ఫికర్ జెయ్యకు" అన్నాడు. సందంతా నవ్వింది. ఆదివారాలు ఎవరో ఒకరు అగ్గిపెట్టెలో ఈగని పెట్టి తెచ్చేవాళ్ళు. ఆయన చూసి, మీ ఇంట్లో ఫలానా చోట తూము కారుతోందనో, నీళ్ళ కుండ వెనక ఏదో కుళ్ళిందనో చెప్పేవాడు. ఎక్కడా తప్పేది కాదు. ఆ సందులో ఆయనకి ఉన్న మర్యాద మా హీరోలకి ఫిల్మ్‌నగర్‌లో ఉండేది కాదు.

ఇక నా సంగతి చెప్పాలి. మా కంపెనీలో రెండు పద్ధతులుండేవి. ఒకటి, భోజనం. హీరోకి ఇంటి నుంచి క్యారియర్, టెక్నీషియన్లకి బల్ల మీద వడ్డన, జూనియర్ ఆర్టిస్టులకి పొట్లాలు. నిన్న బల్ల మీద మిగిలింది ఇవాళ పొట్లంలోకి వెళ్ళేది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రెండోది, సంతకం. బయటి మనిషి ఎవరు సెట్లోకి వచ్చినా ముందు కంపెనీ లెటర్‌హెడ్ అడుగున సంతకం పెట్టించుకునేవాళ్ళం. పైన కాగితం ఖాళీగా ఉండేది. బంగళా యజమాని, గుర్రం వాడు, జూనియర్ ఆర్టిస్టులు, అందరూ పెట్టేవాళ్ళు. ఏం రాయాలో అవసరాన్ని బట్టి తర్వాత రాసుకునేవాళ్ళం. ఈగల సారు కూడా ప్రతిసారీ పెట్టేవాడు. ఈగ వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టే మనిషి, సంతకానికి పైన ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఫిల్మ్‌నగర్‌లో పెళ్ళి సీను. ఎండాకాలం. ముందురోజు హీరో రాకపోవడంతో మధ్యాహ్నానికే ప్యాకప్ అయి, వండిన మటన్ సగానికి సగం మిగిలింది. దాన్ని మర్నాడు పొట్లాల బిర్యానీలో కలపమని వంటవాళ్ళకి చెప్పింది నేనే. ఇంకెవరో కాదు. మర్నాడు పెళ్ళిపందిరి మీద ఈగలు మూగి కెమెరామన్ గోల చేస్తే ఈగల సారుని పిలిపించాను. గేటు దగ్గర సంతకం పెట్టి వచ్చాడు. పందిరిలో కొన్ని పట్టాడు. టెక్నీషియన్ల బల్ల దగ్గర కొన్ని పట్టాడు. వెనక షెడ్డులో పొట్లాలు కడుతున్న చోట, బిర్యానీ డేగిశాల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత తెల్ల కాగితం మీద రెండు ఈగలు పెట్టి, భూతద్దం నా చేతికిచ్చాడు. అన్నేళ్ళలో దాన్ని ఇంకొకరి చేతికివ్వడం నేను చూడలేదు.

"గిది బల్ల దగ్గరిది. వీపు మీద చారలు లెక్కపెట్టున్రి."

"నాలుగు" అన్నాను.

"గిది షెడ్డుల పట్టిన."

రెండో ఈగ కొంచెం పెద్దది. బూడిదరంగు వీపు, పొట్ట మీద గళ్ళ లుంగీలాగా నలుపూ తెలుపూ గళ్ళు. చారలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. "మూడు" అన్నాను.

"మూడే సాబ్. గిది తాజా కూటికి రాదు. కుళ్ళుతున్న మాంసానికే వస్తది. గుడ్డు గూడ పెట్టదు, ఉత్తగ పురుగులనే వదుల్తది. ఒకటో రెండో అయితే నేను గూడ ఊకుందును. ఆడ పట్టినవన్నీ గివే. ఆ డేగిశ పారబోయించున్రి. ఇప్పుడే."

వాచీ చూసుకున్నాను. అరగంటలో భోజనం బెల్లు కొట్టాలి. నూట యాభై మందికి మళ్ళీ వండించాలంటే మూడు గంటలు. హీరో నాలుగింటికి వెళ్ళిపోతాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. "సరే మాస్టారూ, నేను చూసుకుంటాను. మీరు బయల్దేరండి" అని చెప్పి, కంపెనీ జీపు ఇచ్చి పంపాను. అంతకుముందు ఎప్పుడూ ఆయనకి జీపు ఇవ్వలేదు. ఆయన నమ్మి వెళ్ళాడు. నా కళ్ళతో నేనే చూశాను కదా, చూసిన మనిషి వేరేగా ఎలా చేస్తాడు అనేది ఆయన లెక్క. ఈగ వాలినంత మాత్రాన మాంసం పాడైపోతుందా, ఈయనదంతా చాదస్తం అనుకుని నేను బెల్లు కొట్టించాను.

సాయంత్రానికి పందిరి కింద పట్టుచీరల్లో ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని పడిపోయారు. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు, పురోహితుడి వేషం వేసినాయన, అందర్నీ వ్యాన్లలో ఆస్పత్రికి పంపాం. తక్కినవాళ్ళు కోలుకున్నారు. రెండో వరసలో అక్షింతలు వేసే ఆవిడ మూడోరోజు పోయింది.

నిర్మాత ఆఫీసులో తలుపులు వేసుకుని కూర్చున్నాం. వకీలు అడిగాడు, "ఆ రోజు ఎవరైనా అధికారి వచ్చి చూశాడా?" అని. నిర్మాత నా వైపు చూశాడు. నేను ఫైలు తెరిచి ఆ కాగితం తీశాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నా చేత్తో, నా కలంతో, ఆయన సంతకానికి పైన రాశాను: "పరిశీలించితిని. వీపుపై నాలుగు చారలు గల మామూలు ఇంటి ఈగలు మాత్రమే ఉన్నవి. భోజనము తినుటకు యోగ్యముగా ఉన్నది." చారల సంగతి రాయమని వకీలు అడగలేదు. నిజంలా ఉంటుందని నేనే చేర్చాను. నా పనితనం మీద నాకు అంత అభిమానం.

ఆ కాగితం జిరాక్సు యూనియన్‌కి వెళ్ళింది, డిపార్ట్‌మెంటుకి వెళ్ళింది. ఆ సందులో ఎవరో గట్టిగా చదివి వినిపించారట కూడా. టెంపరరీ మనిషిని తీసెయ్యడానికి పెద్ద తతంగం అక్కర్లేదు, వారంలో తీసేశారు. ఆ తర్వాత ఒక ఉదయం ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసుకి వచ్చాడు. తిడతాడని అనుకున్నాను. కాళ్ళు పట్టుకుంటాడేమోనని కూడా అనుకున్నాను. ఏదో ఒకటి చేస్తే నాకు బాగుండేది. నా ఎదురుగా నిలబడ్డాడు. మొదటిసారి భుజం చూడకుండా నా మొహం చూశాడు.

"నాలుగని ఎట్ల రాసిన్రు సాబ్?" అన్నాడు.

"కూర్చోండి మాస్టారూ..."

"మీరు లెక్కవెట్టిన్రు. రెండుమాట్ల లెక్కవెట్టిన్రు. మూడన్నరు. నేను చెప్పలే, మీరే అన్నరు. నౌకరీ పోతే పోయింది. మా సందుల నా ఇంట్ల మంచినీళ్ళు ముడుతలేరు సాబ్. పైసల్ తిని పాస్ చేసిండు, చెల్లె అన్న మనిషినే సంపిండు అంటున్నరు. ఆమె మొగడు నా మొకం మీద ఊంచిండు. నాకు ఇంకేం వద్దు. గా ఈగకు మూడు చారలే ఉండె, ఈగల సారు నాకు జెప్పిండు అని ఒక్క ముక్క రాసియ్యున్రి. కూటి ముచ్చట రాయకున్రి. చారల ముచ్చట రాయున్రి, సాలు."

"రేపు రండి" అన్నాను.

రేపు వచ్చాడు. ఎల్లుండి వచ్చాడు. రెండు నెలల పాటు పొద్దున పదింటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేవాడు, మధ్యాహ్నం డబ్బా తిని మూత కట్టుకుని వెళ్ళేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నేను వెనక మెట్ల మీదుగా రావడం, వెనక మెట్ల మీదుగా పోవడం నేర్చుకున్నాను. ఒకరోజు రావడం మానేశాడు. ఆ రోజు నేను దర్జాగా ముందు గుమ్మంలోంచి బయటికి వచ్చాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

తర్వాత చాలా ఏళ్ళకి ఎర్రగడ్డ మార్కెట్లో ఎదురుపడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నానన్నాడు. మామిడిపళ్ళ బుట్ట ముందు నిలబడి ఉన్నాం ఇద్దరం. నేను అప్పటికి ఆ కంపెనీ మానేశాను, నిర్మాత కూడా లేడు, నిజం రాసిస్తే నాకు పోయేదేమీ లేదు. ఆయన అడిగాడు, "గా ముక్క రాసిస్తరా సాబ్?" అని, నిన్ననే ఆఫీసులో మాట్లాడుకున్నట్టు. "తప్పకుండా. రేపు ఇంటికొస్తాను" అన్నాను. అడ్రసు కూడా అడిగాను, తెలిసి కూడా. వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి ఈసారి కారణం కూడా లేదు.

ఆయన పోయాడని ఫోన్ వచ్చిన పూట, కాఫీ తాగిన తర్వాత నేను వెళ్ళింది ఆ సందుకే. శ్మశానానికి తీసుకెళ్ళే బండి లోపలికి రాదని సందు చివర ఆపారు. ఇంటి నుంచి అక్కడిదాకా పాడె మొయ్యాలి. అల్లుడు ఉన్నాడు, ఎవరో దూరపు బంధువు ఉన్నాడు, బండి డ్రైవరు కూడా దిగి వచ్చాడు. నాలుగో మనిషి లేడు. రెండు వైపులా గుమ్మాల్లో జనం నిలబడే ఉన్నారు. ఎవరూ కదల్లేదు. కూతురు కొంగు నడుముకి బిగించి నాలుగో కొమ్ము తనే భుజాన వేసుకుంది. నాకు నడుము నొప్పి ఉంది. నిజమే, ఉంది. గోడ పక్కన నిలబడి ఉండిపోయాను. పాడె నా ముందు నుంచే వెళ్ళింది.

బండి వెళ్ళిపోయాక సందు మొదట్లో టీ కొట్టు దగ్గర ఆ వడ్రంగి కనిపించాడు. ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపాడు. ఇద్దరం చాలాసేపు ఏవో పాత సెట్టింగుల గురించి మాట్లాడుకున్నాం. రెండో టీ తాగుతూ అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. మటన్ సంగతి, ఖాళీ కాగితం సంగతి, మూడు చారల సంగతి. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"గాయన ఆ వారమే జెప్పిండు సార్" అన్నాడు చివరికి. "మా గడప ముందట నిలవడి జెప్పిండు, నేను గట్ల రాయలే బావా అని. సంతకం గాయనదే ఉండె గద, నేను నమ్మలే." గ్లాసు కింద పెట్టాడు. "గీ ముచ్చట పొద్దుగాల జెప్తే నేను గూడ భుజం పట్టేటోన్ని గద సార్."

లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఏ శ్మశానానికి తీస్కపోయిన్రు?" అని అడిగాడు.

నాకు తెలియదు. అది కూడా నేను కనుక్కోలేదు.